కనిపించని మూడో గీత

పోయినవారం నిఖితను మనం నరసరావుపేట కాలేజీలో, గోపాలకృష్ణయ్యగారి గదిలో, నోట మాట రాని స్థితిలో నిలబెట్టి వచ్చాం. ఆ మధ్యాహ్నం ఆమె పీహెచ్‌డీ వైవా. పొద్దున్నే రైలు దిగి వచ్చిన ఎగ్జామినర్ రాజరత్నంగారు ఎదురుగా పెట్టిన కాఫీ ముట్టుకోకుండా ఆమె థీసిస్ తెరిచారు. వారం వారం పురుగుల లెక్క చూపే ఒక గ్రాఫు మీద వేలు పెట్టారు. "మూడు మడులన్నావు. ఇక్కడ రెండే గీతలున్నాయి. మూడో మడి నేల మీద వేశావా, కాగితం మీద వేశావా?" అని అడిగారు. తలుపు తీసే ఉంది. ఆ మాట, వైవా చూద్దామని ఊరి నుంచి వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్న వీరయ్య చెవిన కూడా పడింది.

ఆ మూడో మడి వీరయ్యదే.

గురజాల దగ్గర జక్కులవారిపాలెంలో మిరప తోటలను నల్ల తామర పురుగు తినేస్తున్న రోజుల్లో నిఖిత ఆ ఊరు వెళ్ళింది. నరసరావుపేటలో బట్టల కొట్టు నడిపే ఇంటి పిల్ల. మిరప మొక్కను దగ్గరగా చూసిందే అప్పుడు. ఆమెకు మూడు మడులు కావాలి. ఒకదానికి అందరూ కొట్టే మందే కొట్టాలి. రెండోదానికి వేపనూనె కొట్టి, నీలం జిగురు అట్టలు కట్టాలి. మూడోదానికి ఏమీ చెయ్యకూడదు. పురుగు తింటుంటే చూస్తూ ఊరుకోవాలి. ఆ మూడోది లేకపోతే మొదటి రెండూ ఎంత పనిచేశాయో తెలుసుకునే దారి లేదు. మొదటి రెండింటికీ రైతులు దొరికారు. మూడో మాట ఎత్తగానే, "పురుగుకి విందు పెట్టమంటావా అమ్మాయ్?" అని నవ్వారు.

నవ్వకుండా విన్నవాడు వీరయ్య ఒక్కడే. రోడ్డు పక్కనున్న తన చేలో మంచి మడిని చూపించి, "ఇది తీసుకో తల్లీ. తేలితే అందరికీ తేలుద్ది," అన్నాడు. ఆ ఏడాది ఆకులు దొన్నెల్లా పైకి ముడుచుకుపోయి, పూత రాలిపోతుంటే, రోడ్డున పోయేవాళ్ళు ఆగి మరీ చూశారు. "వీరయ్య పురుగుల్ని పెంచుతున్నాడంట" అని టీ కొట్టు దగ్గర కొత్త పరాచికం పుట్టింది. అతను మాత్రం మందు డబ్బా ముట్టలేదు.

ఇప్పుడు ఆ మడే లేదంటున్నారు.

"ఉంది సార్," అంది నిఖిత. "వెనక పట్టికలో అంకెలన్నీ ఉన్నాయి."

"ఉన్నాయి. చూశాను," అన్నారు రాజరత్నంగారు. ఆయన కోపిష్టి కాదు. అదే ఇంకా భయంగా ఉంది. నెమ్మదిగా, అలసిపోయినట్టు మాట్లాడుతున్నారు. "పట్టికలో ఉండి గ్రాఫులో లేకపోతే నేనేమనుకోవాలమ్మా? గ్రాఫు వేసినప్పుడు ఆ అంకెలు లేవు, తరవాత ఎవరో కంట్రోల్ ఏది, ఏమీ కొట్టని మడి ఏదని అడిగితే కూర్చుని నింపారు అనుకోవాలి. అలాంటివి నేను చూశాను. ఒకసారి చూసీ చూడనట్టు సంతకం పెట్టాను కూడా. మళ్ళీ పెట్టను."

నిఖిత తన గైడ్ వైపు చూసింది. గోపాలకృష్ణయ్యగారు మెత్తని మనిషి. ఎవరి మీదా గొంతు పెంచరు, ఎవరి ముందూ గొంతు విప్పరు. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఫీల్డ్ వర్కంతా అమ్మాయే స్వయంగా చేసింది సార్. నేను... నమ్మాను," అన్నారు.

నమ్మాను అనే మాట అంత దూరంగా వినిపించగలదని నిఖితకు అప్పుడే తెలిసింది. 'నమ్ముతున్నాను' అని ఉంటే ఎంత బాగుండేది!

"ఇది తేలకుండా మధ్యాహ్నం వైవా జరపలేను. ఏదైనా చెప్పుకోవాలంటే ఇప్పుడే చెప్పు," అన్నారు రాజరత్నంగారు.

నిఖిత థీసిస్‌ను తన వైపు తిప్పుకుంది. ఆ పేజీని ఆమె ఎన్నోసార్లు చూసింది. నిజానికి చూడలేదు. తనకు తెలిసిన బొమ్మ కాబట్టి కళ్ళు దాని మీద నుంచి జారిపోయాయి, లేని గీతను మనసే గీసుకుంది. ఇప్పుడు పరాయిదానిలా చూస్తే ఎంత అధ్వానంగా ఉంది! గీతల అంచులు నీళ్ళలో తడిసిన సిరాలా అలుక్కుపోయాయి. అంకెలు బొద్దుగా ఉబ్బిపోయాయి. పక్కన మడుల పేర్లు రాసిన చోట మొదటి రెండు పేర్లూ ఎలాగో చదవొచ్చు. మూడోదాని చోట ఒక బూడిద మరక.

ఆ మరక దగ్గర ఆమె చూపు ఆగింది.

"సార్, మూడో గీత లేకపోతే ఈ మరక ఎందుకుంది?"

రాజరత్నంగారు జేబులోంచి చిన్న భూతద్దం తీశారు. పురుగుల లెక్కలు చూసేవాళ్ళ జేబుల్లో అది ఎప్పుడూ ఉంటుంది. వంగి చూశారు. "ఏదో ఉంది. చదవడానికి లేదు. మరక సాక్ష్యం కాదమ్మా."

నిఖిత బ్యాగులోంచి లాప్‌టాప్ తీసింది. 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది', 'ఇదే ఫైనల్' అనే ఫోల్డర్లన్నీ దాటుకుంటూ పోయి, గ్రాఫు గీసిన అసలు ఫైలు తెరిచింది. తెర మీద మూడు గీతలు. రెండు దట్టంగా ఉన్నాయి. మూడోది సన్నగా, లేత బూడిద రంగులో, తెగి తెగి, పైపైకి పోతోంది.

"ఇప్పుడు ఉంది," అన్నారు రాజరత్నంగారు. "నిన్న గీసి ఉండొచ్చు."

ఆ మాటకు ఏడుపు రావాలి. రాలేదు. దాని బదులు బుర్రలో ఏదో తీగ బిగిసినట్టయింది. ఉందని ఎన్నిసార్లు చెప్పినా ఈయన నమ్మరు. నమ్మకూడదు కూడా. తను ఆయన చోట ఉన్నా నమ్మదు. మందు పనిచేసిందని మాటల్లో చెబితే ఎవరూ ఒప్పుకోరనే కదా వీరయ్య చేలో ఆ మడి వదిలించింది!

"సార్, ఈ గీత ఎలా పోయిందో మీ కళ్ళ ముందే మళ్ళీ పోగొడతాను. అదే చోట, అదే మరక మిగిలేలా. అలా మిగిలితే నమ్ముతారా?"

రాజరత్నంగారు మొదటిసారి కాఫీ కప్పు వైపు చెయ్యి చాచారు. "చెయ్యి. చూద్దాం."

ఆమె తెర మీది బొమ్మను స్క్రీన్‌షాట్ తీసింది. "అప్పుడు ఇలాగే తీశాను. తరవాత వాట్సాప్‌లో పంపాను."

"ఎవరికి?"

నిఖిత వేళ్ళు ఆగిపోయాయి. ఆ సందేశం ఇంకా ఆమె ఫోన్‌లో ఉంది. 'గ్రాఫులు వాట్సాప్ చెయ్యమ్మా. యూనివర్సిటీ ఫార్మాట్‌లో నేనే పెట్టించేస్తాను, నువ్వు శ్రమపడకు.' పంపినాయన బల్లకు అవతల, కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నారు. ఇంకో ఏడాదిలో రిటైరవుతారు. ఆమె తండ్రికి ఆపరేషన్ అయినప్పుడు ఆసుపత్రికి వచ్చి, బయట కుర్చీలో సాయంత్రం దాకా కూర్చున్న మనిషి. ఆ పేరు ఇప్పుడు తన నోటి నుంచి వస్తే, తప్పు పెద్దాయన మీదికి తోసిందంటారు. రాకపోతే, తన మాటలో ఇంకో కంత కనిపిస్తుంది.

"ఎవరికి పంపావమ్మా?" రాజరత్నంగారు మళ్ళీ అడిగారు.

"నాకే సార్."

అన్నది గోపాలకృష్ణయ్యగారు. ఆయన తన ఫోన్ తీసి బల్ల మీద పెట్టారు. "నాకే పంపింది. ఫార్మాట్‌లో పెట్టింది నేను. పేజీలో పట్టడం లేదని మూలలు పట్టుకుని లాగాను కూడా. అమ్మాయి ఒకసారి చూసుకుంటానంది. టైం లేదని నేనే ఈ గదిలో ప్రింటర్ మీదే తీయించేశాను." మెడ దాకా ఎర్రబడ్డారు. "ఇందాకే చెప్పాల్సింది."

నిఖితకు ఆ క్షణం నుంచి ఊపిరి కాస్త సులువుగా ఆడింది. గీత ఇంకా దొరకలేదు. కానీ బల్లకు అవతల ఉన్న మనిషి దొరికాడు.

"అయితే మీరూ రండి సార్," అందామె. "అప్పుడు ఎలా పెట్టారో ఇప్పుడూ అలాగే పెట్టండి."

ఆయన లేచి వచ్చారు. వాట్సాప్‌లో వచ్చిన బొమ్మను తన కంప్యూటర్‌లోకి తీసుకున్నారు. వర్డ్‌లో అతికించారు. మూల పట్టుకుని లాగారు. ఫైలు సేవ్ చేశారు. గది మూలనున్న నలుపు తెలుపు ప్రింటర్ గరగరమని మూలిగి కాగితం కక్కింది.

రాజరత్నంగారు ఆ కాగితాన్నీ థీసిస్ పేజీనీ కిటికీ వెలుగులో పక్కపక్కన పెట్టారు. భూతద్దం ఒకదాని మీద నుంచి రెండోదాని మీదకు, మళ్ళీ వెనక్కి నడిచింది. రెండింటిలోనూ రెండే గీతలు. రెండింటిలోనూ మూడో పేరు చోట అదే బూడిద మరక, అదే ఆకారంలో, కుడి వైపు కాస్త తోక లాగినట్టు.

"ఇదే," అన్నారాయన. మొహంలో ఏదో సడలింది. "ఇదే మరక. మన కళ్ళ ముందే గీతను మింగేసింది!"

"వాట్సాప్ బొమ్మను నొక్కి పంపిస్తుంది సార్. వర్డ్ సేవ్ చేసేటప్పుడు ఇంకోసారి నొక్కుతుంది. దాన్ని లాగితే ఉన్న చుక్కలే సాగుతాయి, కొత్తవి రావు. దట్టమైన గీతలు ఎలాగో బతికాయి. సన్నది, లేతది తెల్లకాగితంలో కలిసిపోయింది."

"సరే. పోగొట్టడం వచ్చింది. తేవడం వచ్చా?"

నిఖిత నవ్వింది. పొద్దుటి నుంచి అదే మొదటి నవ్వు. "వస్తుంది సార్."

ఈసారి స్క్రీన్‌షాట్ తియ్యలేదు. గ్రాఫు కొలతలను పేజీకి సరిపోయేలా గీసిన చోటే మార్చింది, తరవాత ఎవరూ మూలలు పట్టి లాగే పని లేకుండా. అక్కడి నుంచి దాన్ని ఫొటోలా కాకుండా, గీతల లెక్కలతో సహా దాచే వెక్టర్ ఫైలుగా బయటికి తీసింది. పెన్‌డ్రైవ్‌లో వేసి, గోపాలకృష్ణయ్యగారి కంప్యూటర్‌కు పెట్టి, వర్డ్‌లో ఇన్సర్ట్‌లోకి పోయి ఆ ఫైలును తెచ్చి కూర్చోబెట్టింది. ప్రింటర్ మళ్ళీ మూలిగింది.

అంకెలు సూదితో చెక్కినట్టు వచ్చాయి. అంచులన్నీ పదునుగా ఉన్నాయి. మూడో గీత ఉంది. ఉందనాలి, అంతే. దీపం కింద పెట్టి వెతుక్కుంటే కనబడేంత పల్చగా ఉంది.

"ఇదేమిటి?" అన్నారు రాజరత్నంగారు.

నిఖిత కాగితం చూస్తూ ఉండిపోయింది. ఈ తప్పు వాట్సాప్‌ది కాదు, వర్డ్‌ది కాదు, పెద్దాయనదీ కాదు. రంగు ఎంచుకున్నది తనే. ఏమీ చెయ్యని మడి కదా, వెనకాల లేతగా ఉంటే చాలు అనుకుంది. ఊరంతా నవ్వుతుంటే ఒక మనిషి చేతులు కట్టుకుని నిలబడిన మడికి తను ఇచ్చిన రంగు అది.

ఆమె అసలు ఫైలులోకి వెళ్ళింది. బూడిద తీసి నలుపు పెట్టింది. గీత మందం పెంచింది. ఒక్కో వారం దగ్గర గుండ్రటి ఖాళీ చుక్క పెట్టింది, నలుపు తెలుపులోనూ ఏ గీత ఏదో తెలిసేలా. మళ్ళీ బయటికి తీసి, మళ్ళీ కూర్చోబెట్టి, ప్రింట్ నొక్కింది.

కాగితం సగం బయటికి రాకుండానే కనబడింది. మూడో గీత మిగతా రెండింటినీ కిందే వదిలేసి కొండ ఎక్కినట్టు ఎక్కింది.

రాజరత్నంగారు థీసిస్ వెనక పట్టిక తెరిచి, ఒక్కో చుక్కనూ అంకెతో పోల్చుకుంటూ పోయారు. అన్నీ సరిపోయాయి. భూతద్దం జేబులో పెట్టుకున్నారు. ఇక అవసరం లేదు మరి.

"గోపాలకృష్ణయ్యగారూ, మధ్యాహ్నం వైవా ఉంది. గ్రాఫులన్నీ ఇలాగే మార్చి, ఆ పేజీలు మళ్ళీ బైండ్ చేయించండి," అన్నారు. నిఖిత వైపు తిరిగారు. "అమ్మా, ఇందాక నేనన్న మాట కటువైనదే. వెనక్కి తీసుకుంటున్నాను."

నిఖిత దగ్గరున్న కుర్చీలో కూలబడింది. గోపాలకృష్ణయ్యగారు తన గ్లాసులోని మంచినీళ్ళు ఆమె ముందుకు జరిపారు. ఆమె గడగడా తాగేసింది. ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టి తీశారు.

"బాబాయ్!" అని ఆమె వరండాలోకి కేకేసింది. "బాబాయ్, లోపలికి రండి!"

వీరయ్య గుమ్మంలో చెప్పులు విడవబోతే వద్దన్నారు. అయినా విడిచే వచ్చాడు. తెల్ల చొక్కా, భుజాన కండువా. పొద్దుటి మాట విన్నప్పటి నుంచి అతని దవడ బిగుసుకునే ఉంది.

"ఏంది తల్లీ, నా మడి ఉందంటనా, లేదంటనా? లేదంటే చెప్పు, ఈ సారును బస్సెక్కించుకుని తీసకపోతా. ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు. నన్ను నవ్వినోళ్ళంతా సాక్ష్యమే గదా!"

"అక్కర్లేదు వీరయ్యగారూ," అన్నారు రాజరత్నంగారు నవ్వుతూ. "దొరికింది మీ మడి."

నిఖిత కాగితం అతని చేతికిచ్చింది. "ఇదిగో బాబాయ్. ఈ పైకి పోయిన గీత మీ మడే."

వీరయ్య దాన్ని కాస్త దూరంగా పట్టుకుని, వేలితో గీత వెంట నడుచుకుంటూ పోయాడు. "ఇంత పైకి పోయిందా పురుగు! ఓరి దీని దుంప తెగ!" అన్నాడు. గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. "మరి ఇంత కొండను యాడ పోగొట్టుకున్నారు మీరు?"

"పొలాన్ని ఫోటో తీసి పంపితే ఏమవుతుంది బాబాయ్? చేతులు మారేకొద్దీ మసకబారి గట్లు చెరిగిపోతాయి. అదే హద్దురాళ్ళ కొలతలు రాసి పంపితే, ఎవరు ఎక్కడ గీసుకున్నా గట్టు గట్టులాగే వస్తుంది. అప్పుడు ఫోటో వెళ్ళింది. ఇప్పుడు కొలతలు వెళ్ళాయి."

"అట్టా చెప్పు మరి!" వీరయ్య దవడ వదులైంది. కుర్చీ చూపిస్తే కూర్చున్నాడు. "ఈ కాయితం నాకొకటి కావాల. టీ కొట్టు గోడకి అంటిస్తా. చానా మంది చూడాల్సినోళ్ళున్నారు."

గోపాలకృష్ణయ్యగారు తనే లేచి వెళ్ళి ఇంకో కాపీ తీసి తెచ్చి ఇచ్చారు. ప్యూన్‌ను పిలిచి అందరికీ వేడిగా కాఫీ తెమ్మన్నారు. అంతవరకూ ఊపిరి బిగబట్టిన గది కాస్తా పెళ్ళి వారి విడిదిలా తయారైంది. నిఖిత ఇంటికి ఫోన్ చేసి, "వైవా ఉందమ్మా. ఏం కాలేదు. తరవాత చెప్తాగా," అంది. ఆ మూడు మాటలకే అవతల అమ్మ ఏడ్చేసింది.

రాజరత్నంగారు మాత్రం ఆ గ్రాఫును వదల్లేదు. కొత్త కాఫీ తాగుతూ దాన్నే చూస్తున్నారు. ఈసారి ఆయన చూపులో అనుమానం లేదు. ఆకలి ఉంది. మంచి గ్రాఫు దొరికిన సైంటిస్టు ఆకలి అది.

"నిఖితా, ఇక్కడ చూడు," అన్నారు. "మసకలో పోయింది కాబట్టి ఇది నాకింతవరకూ కనబడలేదు. పూత మీద ఉన్న వారాల్లో పురుగు కొండంత పెరిగింది. బాగుంది. ఆ తరవాతి వారం చూడు. ఒక్కసారిగా నేలకు పడిపోయింది. మందే కొట్టని మడిలో పురుగు ఎందుకు పడిపోవాలి?"

"ఆ వారం వాన పడింది సార్. అందుకేననుకున్నాను."

"వానైతే మూడు మడుల్లోనూ పడాలిగా? మిగతా రెండు గీతలూ కదల్లేదు."

నిఖిత వంగి చూసింది. నిజమే. రెండు గీతలు అలాగే సాగుతుంటే, వీరయ్య గీత ఒక్కటే బావిలో బిందె జారినట్టు కిందికి దిగింది. అంకెలుగా పట్టికలో ఎప్పుడూ ఉన్నదే. గీతగా ఆమె దాన్ని ఇంతవరకూ సరిగ్గా చూడనే లేదు.

రాజరత్నంగారు కుర్చీ తిప్పుకుని వీరయ్యకు ఎదురుగా కూర్చున్నారు. "వీరయ్యగారూ, మీరు మందు కొట్టారని నేననడం లేదు. కొట్టినా గీత ఇలా పడదు, ఆ మొదటి మడిని చూస్తేనే తెలుస్తోంది. కానీ ఆ వారం మీ మడిలో ఏదో జరిగింది. మందుకన్నా బాగా పనిచేసినదేదో జరిగింది. ఏమిటది?"

కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకోబోతున్న వీరయ్య చెయ్యి అక్కడే ఆగింది. అతను నిఖిత వైపు చూశాడు. తలుపు వైపు చూశాడు. కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"జరిగింది సారూ," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "కాకపోతే అది చేసింది నేను గాదు. మా ఇంటి ఆడమనిషి రంగనాయకమ్మ. ఈ అమ్మాయికి మాత్రం ఎప్పుడూ చెప్పమాకని నా చేత ఒట్టేయించుకుంది."